అవతలి గుంజ దగ్గర అమ్మాయి

మిస్సిసాగాలో హైమావతి ఇంటికి నాలుగు వీధుల అవతల ఒక పార్కు, దాని వెనక ఒక మైదానం ఉన్నాయి. వేసవిలో ఆదివారం వచ్చిందంటే అక్కడ ఐరిష్ ఆడపిల్లలు కర్రలు పట్టుకుని దిగుతారు. ఆ ఆటను కమోగీ అంటారు. మగవాళ్ళు ఆడితే హర్లింగ్. చివర అరచేయిలా వెడల్పయిన కర్రతో, గుప్పెట్లో ఇమిడే తోలుబంతిని గాల్లో ఉండగానే బాదుతారు. మైదానానికి అటూ ఇటూ ఇంగ్లీషు హెచ్ అక్షరంలా గుంజలు. బంతి అడ్డకర్ర మీంచి పోతే ఒక పాయింటు. కిందనుంచి వలలో పడితే గోలు. గోలంటే మూడు పాయింట్ల పెట్టు.

ఇదంతా హైమావతికి అరవై దాటాక తెలిసింది. ఆవిడది కాకినాడ. వాల్తేరులో కెమిస్ట్రీ చదివి, పెళ్ళయ్యాక కెనడా వచ్చి, ఒక మందుల కంపెనీ ల్యాబులో పనిచేసి రిటైరయింది. ఆటలంటే భర్త వీరభద్రం వ్యవహారమని అనుకునేది. ఆయనకు క్రికెట్ తప్ప మిగతావన్నీ పిల్లల గంతులు. డాక్టరు నడవమంటే ఆవిడ పార్కులో నడిచేది, అలిసిపోతే మైదానం పక్క బెంచీ మీద కూర్చునేది. అంతే.

ఒక ఆదివారం ఆ జట్టు కోచ్ మోరీన్ పరిగెత్తుకుంటూ బెంచీ దగ్గరికి వచ్చింది. ఎప్పుడో ఐర్లాండ్ నుంచి వచ్చి ఇక్కడే స్థిరపడిన మనిషి, మాటా నడకా రెండూ తొందరే.

"మా అంపైర్ ఒకావిడ రాలేదు. కాసేపు ఆ గుంజ పక్కన నిలబడతారా?"

"నాకు ఆట తెలీదమ్మా."

"కళ్ళు కనిపిస్తాయి కదా, చాలు. పైనుంచి పోతే తెల్లజెండా ఎత్తండి. కిందనుంచి పోతే పచ్చజెండా."

అంటూనే ఒక తెల్లకోటు తెచ్చి తొడిగేసింది. జీవితమంతా ల్యాబులో తొడుక్కున్న కోటు లాంటిదే. కాకపోతే ల్యాబులో ఆవిడ చుట్టూ నిశ్శబ్దం ఉండేది. ఇక్కడ ఎండ, కేకలు, కర్రకు కర్ర తగిలి టకటకలు. మొదటి గోలు పడ్డప్పుడు ఆవిడకు తెలీకుండానే నోట్లోంచి కేక వచ్చింది. అంపైరు అరవకూడదని మోరీన్ నవ్వుతూ చెప్పింది. ఆ సాయంత్రం ఇంటికొచ్చేసరికి ఆవిడ ముఖం కందిపోయి ఉంది.

"ఏమోయ్, ఎవరితోనైనా పోట్లాడొచ్చావా?" అన్నాడు వీరభద్రం.

ఆ తర్వాత ఆవిడ ఆదివారాలు ఎవరికీ దొరకలేదు. తెలుగు సంఘం పూజలకు రమ్మంటే సాయంత్రం పెట్టుకోమనేది. "ఐరిష్ వాళ్ళ ఆటతో నీకేం పని హైమా?" అని స్నేహితురాలు కమలకుమారి అడిగింది. ఆ పిల్లలెవరూ ఆవిడకు ఏమీ కారు. రెండేళ్ళ వర్క్ పర్మిట్ల మీద వస్తారు, ఆడతారు, పోతారు. అయినా బంతి గాల్లోకి లేచినప్పుడు ఆవిడ ఊపిరి బిగబట్టేది. అది ఎక్కడ పడుతుందో తెలిసేదాకా లోకంలో ఇంకేమీ గుర్తుండేది కాదు. ఈ మాట కమలకుమారికి చెబితే నవ్వుతుందని ఊరుకుంది.

ఆ జట్టులో ఓర్లా అనే పిల్ల ఉండేది. పొడగరి, నల్లజుట్టు, ఆడుతున్నంతసేపూ తోటివాళ్ళ మీద కేకలేస్తూనే ఉండేది. వెనక వరుసలో మధ్యన నిలబడి, ఎదురొచ్చిన బంతినల్లా తిప్పికొట్టేది. బ్రాంప్టన్‌లో గోదాములు కట్టే కంపెనీలో ఉద్యోగం. రెండో ఏడాది మే నెలలో, ప్రాక్టీసులోనే, ఎవరూ తాకకుండానే మోకాలు మెలితిరిగి కూలబడింది. లోపల నరం తెగిందన్నారు. ఆపరేషన్ కావాలి, దానికి క్యూ ఉంది, క్రిస్మస్ దాటాక చూద్దామన్నారు.

చంకకర్రల ఊతం వదిలిన మొదటి ఆదివారమే ఓర్లా మైదానానికి వచ్చింది. రెండో తెల్లకోటు అడిగి తొడుక్కుని, కుంటుకుంటూ వెళ్ళి, హైమావతి కాసే గోలుకే అవతలి గుంజ దగ్గర నిలబడింది. ఆ వేసవంతా ఈ గుంజకు హైమావతి, ఆ గుంజకు ఓర్లా.

బంతి మైదానం అవతలి కొసకు పోయినప్పుడల్లా ఇద్దరికీ మాటలు సాగేవి. మధ్యలో గోలు కాసే గోలీ పిల్ల నిలబడి వింటూ నవ్వుకునేది.

"బంతిని చూడకండి హైమా. కొట్టేవాళ్ళ నడుం చూడండి. ఎటు తిరిగితే బంతి అటే."

"నడుం చూస్తూ నిలబడితే బంతి నా మూతి పగలగొడుతుంది."

"పగలదు. నేనున్నానుగా."

హైమా అని పేరుపెట్టి పిలిచేది. ఇంట్లో అలా పిలిచే పెద్దవాళ్ళెవరూ మిగల్లేదు. మొదట్లో కొంచెం ఎబ్బెట్టుగా అనిపించినా, తర్వాత్తర్వాత ఆ పిలుపు కోసమే కాస్త ముందుగా వెళ్ళేది.

ఓర్లాది ఐర్లాండ్‌లో క్లేర్ కౌంటీలో బాలిక్రీన్ అని ఒక చిన్న ఊరు. తల్లి లేదు. తండ్రి డోనాల్‌కు నాలుగు పశువులు, ఇంటి వెనక ఒక పాక. సాయంత్రమైతే ఆ పాకలో కూర్చుని ఆష్ చెట్టు కలపతో ఆటకర్రలు చెక్కుతాడట. అమ్మడానికి కాదు, సరదాకి. ఊళ్ళో పిల్లలందరి చేతుల్లోనూ ఆయన చెక్కిన కర్రలే. క్లబ్బు మైదానానికి సున్నం గీతలు గీసేదీ ఆయనే. ఓర్లా చెప్పగా చెప్పగా హైమావతికి ఆ ఊరు తెలిసిన ఊరైపోయింది. అక్కడి మ్యాచ్‌ని ఎవరో ఫోనుతో తీసి క్లబ్బు పేజీలో పెడతారు. గాలి హోరు తప్ప సరిగా ఏమీ వినపడదు. అయినా ఆదివారం పొద్దున కాఫీ కలుపుకుని ల్యాప్‌టాప్ ముందు కూర్చునేది. ఎవరు ఎవరికి చిన్నాన్న కొడుకో, ఎవరికి ఎడమచేతి వాటమో అన్నీ తెలిశాయి. వీరభద్రం గదిలోకి తొంగిచూసి, "మన బిళ్ళంగోడుకి పిచ్చెక్కితే ఇలాగే ఉంటుంది," అని వెళ్ళిపోయేవాడు.

జులైలో ఒకరోజు ఆట అయ్యాక హైమావతి కోటు మడతపెడుతోంది. ఓర్లా గుంజకు ఆనుకుని ఫోనులో మాట్లాడుతోంది.

"గెలిచాం నాన్నా. రెండో సగంలో నేను దూరం నుంచి కొట్టాను, గాలి తోడైంది, సరిగ్గా అడ్డకర్ర మీంచి పోయింది… మోకాలా? మోకాలికేం? బాగానే ఉంది."

ఆ బంతి కొట్టింది వేరే పిల్ల. తెల్లజెండా ఎత్తింది హైమావతే. ఫోను పెట్టేసిన ఓర్లా వెనక్కి తిరిగి, ఆవిడ చూపు చూసి తల దించుకుంది.

"మీ నాన్నకు చెప్పలేదా?"

"లేదు."

"ఎందుకమ్మా?"

"అమ్మ పోయాక ఆయనకు నా ఆటొక్కటే మిగిలింది హైమా. ఆదివారం ఫోను పెట్టేశాక పబ్బుకెళ్ళి ఊరందరికీ చెప్పుకుంటాడు. మోకాలని తెలిస్తే ఇంటికొచ్చెయ్యమంటాడు. నాకు ఇక్కడుండాలని ఉంది. ఆపరేషన్ అయ్యాక చెబుతా. నిజంగా చెబుతా."

"అబద్ధం పెరిగేకొద్దీ మొయ్యలేవు. ఇప్పుడే చెప్పెయ్."

"మీరు మాత్రం ఎవరితోనూ అనకండి."

హైమావతి అననంది. అన్నాక మనసు ఒప్పుకోలేదు. తన కూతురు ధరణి ఒషావాలో ఉంటుంది. ఏదైనా కష్టమొస్తే నెల తర్వాత, అదీ ఇంగ్లీషులో, 'ఇట్స్ ఫైన్ నౌ' అని చెబుతుంది. ఈ వయసు పిల్లలంతా ఇంతేనేమో అనుకుని ఊరుకుంది.

సెప్టెంబరులో ఆటలు ముగిశాయి. నవంబరులో తొలి మంచు పడిన పొద్దున, నాలుగొందల ఒకటి హైవే మీద లారీలూ కార్లూ ఒకదానికొకటి గుద్దుకున్నాయి. ఓర్లా పనికి పోతూ వాటి మధ్య ఇరుక్కుంది. ఆస్పత్రికి చేరేలోపే ప్రాణం పోయింది.

మోరీన్ ఫోను చేసినప్పుడు హైమావతి వంటింట్లో పప్పు కడుగుతోంది. విని, ఫోను బల్ల మీద పెట్టి, మళ్ళీ పప్పు కడగడం మొదలుపెట్టింది. నీళ్ళు తేరిపోయాయి, అయినా కడుగుతూనే ఉంది. వీరభద్రం వచ్చి కుళాయి కట్టేశాడు. ఏమైందని అడిగాడు. హైమావతి ఓర్లా పేరు చెప్పింది. తన కడుపున పుట్టింది కాదు, కులం కాదు, దేశం కాదు. ఈ ఏడుపు ఏ వరసన ఏడవాలో కూడా ఆవిడకు తెలీలేదు.

డోనాల్ వచ్చాడు. అంతవరకూ విమానం ఎక్కని మనిషి, కూతురి శవాన్ని తీసుకెళ్ళడానికి మొదటిసారి ఎక్కాడు. ఫ్యూనరల్ హోమ్‌లో శవపెట్టె మూసే ఉంచారు. జట్టులో పిల్లలందరూ ఆట చొక్కాలు తొడుక్కుని గోడవారగా నిలబడ్డారు. మోరీన్ గుమ్మం దగ్గరే అందరికీ చెప్పి ఉంచింది.

"మోకాలి సంగతి ఎవరూ ఎత్తద్దు. పిల్ల దాచుకుంది. దాన్ని మనం బయటపెట్టకూడదు. ఆయన దగ్గర ఇంకేం మిగిలింది?"

నిజమేననిపించింది హైమావతికి.

డోనాల్ బక్కపలచటి మనిషి. చేతులు మాత్రం మొరటుగా, పెద్దగా ఉన్నాయి. ఒక్కొక్కరి దగ్గరికీ వచ్చి చెయ్యి కలుపుతూ పేరు అడిగాడు. పేరు వినగానే ఆయన ముఖంలో గుర్తు పట్టిన వెలుగు. "నువ్వేనా గోలీవి? నీకు బంతి అందించానని చెప్పింది ఆగస్టులో," అన్నాడు. ఆ గోలీ పిల్ల పెదవి కొరుక్కుని తలూపింది. హైమావతి వంతు వచ్చింది.

"మీరు హైమా. గుంజ దగ్గరుండే ఆవిడ. మీ గురించి చెబుతుండేది."

"మంచి పిల్లండీ," అంది.

మర్నాడు పొద్దున డోనాల్ మైదానం చూస్తానన్నాడు. మోరీన్ కాగితాల పని మీద తిరుగుతోంది. హైమావతిని తీసుకెళ్ళమంది. మంచులో ఆవిడ డ్రైవ్ చెయ్యదు కాబట్టి వీరభద్రం బయల్దేరాడు.

మైదానంలో గడ్డి గోధుమరంగుకు తిరిగి, అక్కడక్కడా మంచు పేరుకుని ఉంది. డోనాల్ అలవాటు కొద్దీ ముందు కిందకు చూశాడు. చెరిగిపోయిన సున్నం గీతల్ని బూటుతో తడిమి, "గీసినవాడు తిన్నగానే గీశాడు," అన్నాడు. తర్వాత ఎవరూ చూపించకుండానే నడుచుకుంటూ పోయి, వెనక వరుసలో సరిగ్గా మధ్యన ఆగాడు.

"ఇక్కడే కదా నిలబడేది?"

జవాబు కోసం ఆగకుండా మోకాళ్ళ మీద కూర్చుని, చేతి తొడుగు తీసి, నేల మీద అరచెయ్యి ఆనించాడు. జేబులోంచి రుమాలు తీసి పరిచాడు. గడ్డకట్టిన నేలను గోళ్ళతో గీకడం మొదలుపెట్టాడు.

"కొంచెం మట్టి," అన్నాడు తలెత్తకుండా. "ఈ వేసవంతా దాని కాళ్ళు తొక్కిన మట్టి. గోతిలో దాంతోపాటు వేస్తాను. సగం ఇక్కడే ఉండిపోయింది కదా మా పిల్ల."

మోరీన్ చెప్పింది హైమావతికి గుర్తుంది. తను ఓర్లాకు ఇచ్చిన మాటా గుర్తుంది. ఇంకొక్క నిమిషం ఊరుకుంటే అయిపోతుంది. కానీ ఆ ముసలి వేళ్ళు ఆ పిల్ల ఈ వేసవి అడుగు పెట్టని చోట నేలను గీకుతుంటే చూడలేకపోయింది. తప్పుడు మట్టి సముద్రం దాటి పోయి కూతురి మీద పడుతుంది. అది తెలిసి తను ఎలా ఊరుకుంటుంది?

"అక్కడ కాదండీ," అంది.

ఆయన తలెత్తాడు.

"నాతో రండి."

గుంజల దగ్గరకు తీసుకెళ్ళింది. ఎడమవైపు గుంజ పక్కన, గడ్డి అరిగి నేల బోడిగా ఉన్న చోటు చూపించింది.

"ఓర్లా ఈ వేసవంతా ఇక్కడ నిలబడింది. నేను ఆ గుంజ దగ్గర. మేలో మోకాలు పోయింది. ఆ తర్వాత ఒక్క ఆట కూడా ఆడలేదు. మీకు చెప్పిన గోల్సూ పాయింట్లూ మిగతా పిల్లలవి. మీరు బెంగపడతారని చెప్పలేదు. ఆపరేషన్ అయ్యాక చెబుతానంది. చెప్పేదే, నాకు తెలుసు."

డోనాల్ ఆ బోడినేలను బూటు కొనతో తడిమాడు.

"కొత్త కర్ర అడగలేదు," అన్నాడు, తనలో తను మాట్లాడుకుంటున్నట్టు. "ఏటా రెండు మూడు విరగ్గొట్టే పిల్ల. ఈసారి ఒక్కటీ అడగలేదు. ఇక్కడి నేల మెత్తనేమో అనుకున్నాను. పాకలో చేసి పెట్టాను, ఎప్పుడు అడుగుతుందా అని."

తర్వాత ఆవిడవైపు తిరిగాడు. కళ్ళు ఎర్రబడి ఉన్నాయి, గొంతు మాత్రం గట్టిగానే ఉంది.

"మీకు తెలుసు. వేసవంతా తెలుసు. మీరూ ఒక ఆడపిల్ల తల్లే కదా? ఒక్క మాట నాకు చేరేస్తే, నేను ఇంటికి రమ్మనేవాణ్ణి. ఆ రోడ్డు మీద ఉండేది కాదు."

ఆ మాట హైమావతి పప్పు కడుగుతున్న రోజు నుంచీ తనకు తను చెప్పుకుంటున్నదే. ఇప్పుడు ఇంకొకరి నోట వింది. క్షమించమని అడగడానికి కూడా తనకు హక్కు లేదనిపించింది.

డోనాల్ రుమాలు జేబులో కుక్కుకుని కారువైపు నడిచాడు. మట్టి తీసుకోలేదు.

ఇంతసేపూ దూరంగా నిలబడ్డ వీరభద్రం వాళ్ళిద్దర్నీ చూశాడు. కారు దగ్గరికి పోయి అద్దాల మీద మంచు గీకే పనిముట్టు తీసుకొచ్చాడు. ఆయన మోకాళ్ళూ అంతంతమాత్రమే. అయినా ఆ గుంజ పక్కన కష్టపడి కూర్చుని, గడ్డకట్టిన నేలను పెళ్ళలు పెళ్ళలుగా పెకలించాడు. తన రుమాల్లో గుప్పెడు మట్టి మూటకట్టాడు. హోటల్ ముందు దిగేటప్పుడు మూట డోనాల్ చేతికిచ్చి, "ఉంచండి. వద్దనిపిస్తే తర్వాత పారెయ్యచ్చు," అన్నాడు. డోనాల్ తీసుకున్నాడు. వెనక్కి తిరిగి చూడలేదు.

ఆ రాత్రి మోరీన్ ఫోనులో మండిపడింది. "నేను అంత చెప్పాక కూడా!" అంది. హైమావతి అన్నీ పడింది. తప్పు చేశానో, ఒప్పు చేశానో ఆవిడకే తెలియనప్పుడు ఏమని వాదిస్తుంది?

బాలిక్రీన్ చర్చిలో ఒక కెమెరా ఉంది. రాలేనివాళ్ళ కోసం పూజలూ, అంత్యక్రియలూ అందులో చూపిస్తారు. ఆ రోజు ఇక్కడ ఇంకా తెల్లవారుతోంది. హైమావతి స్నానం చేసి, ల్యాప్‌టాప్ ముందు కూర్చుంది. వీరభద్రం ఏమీ అడక్కుండా పక్కన కుర్చీ లాక్కున్నాడు. చర్చి నిండిపోయి, జనం గోడలవెంట నిలబడ్డారు. పేర్లు విన్న మనుషులు, ఫోను వీడియోల్లో పరిగెత్తడం చూసిన కుర్రవాళ్ళు, ఇప్పుడు తలలు దించుకుని వరసగా కూర్చున్నారు.

ప్రార్థన చివర డోనాల్ లేచి ముందుకొచ్చాడు. మైకు ఎత్తు ఆయనకు సరిపోలేదు. ఎవరో సర్దారు.

"ఈ వేసవిలో ప్రతి ఆదివారం మీకందరికీ మా పిల్ల ఆట గురించి చెప్పాను," అన్నాడు. "అది నాకు చెప్పిందే మీకు చెప్పాను. అది ఆడలేదు. మోకాలు పోయింది. ఆడలేనివాళ్ళు ఇంట్లో కూర్చుంటారు. మా పిల్ల కుంటుకుంటూ వెళ్ళి, ఎండలో గుంజ పక్కన నిలబడి, మిగతావాళ్ళ గోల్స్‌కు జెండా ఎత్తింది. వాళ్ళ ఆటంతా కళ్ళప్పగించి చూసి, సాయంత్రం నాకు పూసగుచ్చినట్టు చెప్పింది. నా కోసం. ఇది మీకు తెలియాలనిపించింది." కొంచెం ఆగాడు. "రెండో గుంజ దగ్గర ఇండియా నుంచి వచ్చిన ఒకావిడ నిలబడేది. నా కూతురు ఒంటరిగా లేదు. ఆవిడతో నేను మాట తూలాను."

అంతే అని, పోయి తన చోట కూర్చున్నాడు. హైమావతి చీర కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది. వీరభద్రం తెర వంకే చూస్తూ ఆవిడ వీపు మీద చెయ్యి వేశాడు.

పెట్టెను భుజాల మీద ఎత్తుకుని తీసుకెళ్ళారు. కెమెరా చర్చి లోపలికే కాబట్టి శ్మశానం కనపడలేదు. ఆ గుప్పెడు మట్టి గోతిలో పడిందో, దారిలోనే పారేశాడో ఆవిడకు ఎప్పటికీ తెలియలేదు. డోనాల్ ఆ తర్వాత ఫోను చెయ్యలేదు. ఆవిడా చెయ్యలేదు.

జనమంతా వెళ్ళిపోయారు. ఎవరూ కెమెరా ఆపలేదు. ఒక ముసలావిడ వచ్చి, బల్లల మధ్య పడి ఉన్న కాగితాలు ఏరింది. కొవ్వొత్తులు ఒక్కొక్కటీ ఆర్పుకుంటూ పోయింది. హైమావతి అది కూడా చివరిదాకా చూసింది.

"లే, ఇక," అన్నాడు వీరభద్రం మెల్లిగా. "ధరణికి ఫోను చెయ్యి. ఊరికే మాట్లాడు."

కిటికీ అవతల పక్కింటివాళ్ళు కారు మీది మంచు దులుపుకుంటున్నారు. హైమావతి ల్యాప్‌టాప్ మూసి, ఫోను చేతిలోకి తీసుకుంది.